నాలా దాటిన తెల్ల చెక్క

బస్తర్ సంస్థానం పనుల శాఖలో వర్క్‌షాప్ సూపర్‌వైజరుగా నేను జగదల్‌పూర్‌లో చేరింది రెండో పెద్ద యుద్ధం మొదలవడానికి కొద్ది సంవత్సరాల ముందు, ఒక దసరా వెళ్లిన వారంలో. పండగకు లాగిన చెక్క రథం ఇంకా వీధిలోనే ఉంది. దాని చక్రాల పక్కన నిలబడితే నా తల ఇరుసు దాకా కూడా రాలేదు. ఇంత మానును ఏ మనుషులు చెక్కారా అని నోరు తెరుచుకుని చూస్తూ, చేరాల్సిన మొదటి రోజే కచేరీకి ఆలస్యంగా వెళ్లాను. సూపర్‌వైజరంటే ఓవర్‌సీరుకు కింద, మేస్త్రీలకు పైన. డాక్‌బంగ్లా తలుపులు, కచేరీ కుర్చీలు, వంతెనల బోల్టులు, అన్నీ మా వర్క్‌షాప్ పనే.

అంతకుముందు నేను మద్రాసులో గోల్ఫు కర్రలు తయారుచేసే ఒక కార్ఖానాలో పనిచేశాను. ఆ సంగతి తెలిసి అడ్మినిస్ట్రేటరు దొర నాకు మరో బాధ్యత అంటగట్టారు. ఆ రోజుల్లో సంస్థానం పాలన ఆయన చేతిలో ఉండేది. ఊరి చివర అధికారుల కోసం, బంతిని పడేసే గుంటలు తొమ్మిది ఉన్న గోల్ఫు మైదానం ఉండేది. గుంట చుట్టూ పచ్చగడ్డి ఉండాలి గాని, బస్తర్ ఎండలకు అది బతకదు. అందుకని ఇసుకలో నూనె కలిపి చదునుగా పరిచేవారు. దాన్ని బ్రౌన్ అనేవారు. మైదానం సంరక్షణ వేరేవాళ్లది. కర్రలకు మరమ్మతులు చేయడం, కొత్తవి కొనేటప్పుడు ఎంచి పెట్టడం నా పని.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం ఒక మాట. గోల్ఫు సంచిలో ఎన్ని కర్రలున్నా పెద్దన్న డ్రైవర్. మొదటి దెబ్బ దానితోనే. పొడుగాటి కాడ, చివర పిడికిలంత చెక్క తల. ఆ తలకు బంతిని తాకే వైపును ముఖం అంటాం. డ్రైవర్ కొనడానికి వచ్చినవాడు ఎవడైనా దూరం గురించే అడుగుతాడు. బంతి ముఖం నడుమ తగిలితే దూరం ఎలాగూ వస్తుంది. నడుమ తగలనప్పుడు ఏమవుతుందన్నది రెండో ప్రశ్న. మద్రాసులో మా మేస్త్రీ ఆ గుణానికి మన్నింపు అని పేరు పెట్టాడు. మన్నింపు లేని డ్రైవర్ అంగుళం పక్కకు తగిలితే చాలు, బంతిని ఎక్కడో పారేసి చేతులకు జలదరింపు మిగులుస్తుంది. ఆటగాళ్లు మాత్రం, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఏడాదికో కొత్త డ్రైవర్ కొనేవాళ్లు. కొన్న ప్రతిసారీ తమ అతి మంచి దెబ్బను తలుచుకునే కొనేవాళ్లు.

మా మైదానంలో మొదటి దెబ్బకు ఎదురుగానే ఒక నాలా ఉండేది. లోతైనది, రాళ్లతో నిండినది. దాని మీదుగా బంతిని అవతలి గట్టుకు కొట్టాలి. కొత్తగా సభ్యుడు కావాలనుకున్నవాడు అందరి ఎదుటా నిలబడి రెండు బంతులు కొట్టాలి, వాటిలో ఒక్కటైనా నాలా దాటాలి. అదే ప్రవేశ పరీక్ష. చందా కట్టినా, సిఫారసు తెచ్చినా లాభం లేదు. ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. అడ్మినిస్ట్రేటరుతో కలిసి ఆడుతున్న సభ్యుడు నడిచేటప్పుడు ఏ పని గురించైనా నేరుగా ఆయనతో మాట్లాడవచ్చు. కచేరీలో అయితే ప్రతి అర్జీ మెట్టు మెట్టుగా పైకి పోవాలి. మైదానంలో చెప్పిన మాటకు మెట్లు లేవు. సంస్థానంలో రోడ్లు, బావులు చాలావరకు ఆ ఇసుక బ్రౌన్ల మధ్యనే ఖాయమయ్యాయని నేను కళ్లారా చూశాను.

డాక్టర్ సుభద్రమ్మ గారు ఒకరోజు పొద్దున మా వర్క్‌షాప్‌కు వచ్చారు. ఆమెది రాజమండ్రి వైపు, ఆడవాళ్ల ఆస్పత్రిలో పెద్ద డాక్టరు. యాభై దాటిన మనిషి, పొట్టి, మాట తక్కువ. కొన్నేళ్ల కిందట ఘాటీ దారిలో మోటారు బోల్తాపడి ఆమె కుడి భుజం విరిగింది. ఎముక అతికింది గాని చెయ్యి చెవి పైకి లేవదు. కత్తి పట్టి ఆపరేషను చేయడానికి ఆ ఎత్తు చాలు, గోల్ఫు కర్ర ఊపడానికి చాలదు.

నమస్కారం పెట్టి నేరుగా విషయం చెప్పారు. "ఒక డ్రైవర్ ఎంచి పెట్టాలండి. నాతో నాలా దాటించేది."

నేను ఆమెను ఎప్పుడూ మైదానంలో చూడలేదు. చిన్నప్పుడు మద్రాసులో మిషను దొరసానుల దగ్గర కాస్త నేర్చుకున్నారట, అంతే. ఆ పరీక్ష ఆడవాళ్లకు కూడానా అని అడిగాను. ఆ ప్రశ్న ఆమె అప్పటికే అడ్మినిస్ట్రేటరుకు రాసి పంపారట. ఆయన నిబంధనల పుస్తకం తెప్పించుకుని చదివి, ఇందులో మగ అని గాని ఆడ అని గాని లేదు, రావచ్చు అన్నారట. ఆ దొర సంగతి అంతే. పుస్తకంలో లేని అడ్డు ఆయన పెట్టేవాడు కాదు, ఉన్న అడ్డు తీసేవాడూ కాదు.

ఇదంతా ఎందుకమ్మా అన్నాను. ఆమె కోంట గురించి చెప్పారు. దక్షిణాన, శబరి ఒడ్డున, జగదల్‌పూర్ నుంచి రోజుల ప్రయాణం. అక్కడ చిన్న ఆస్పత్రి ఉంది గాని కాన్పుల గది లేదు. గొల్లపల్లి లాంటి అడవి ఊళ్ల నుంచి కాన్పు కష్టమైన ఆడవాళ్లను డోలీ కట్టి మోసుకొస్తారు. అక్కడి నుంచి పెద్ద ఆస్పత్రికి పడవలో నది దాటించాలి. వానాకాలంలో శబరి పొంగితే పడవ కదలదు, ముందుకు పోవడానికీ ఉండదు. అక్కడ రెండు గదులు, ఒక నర్సు కావాలని ఆమె ఏళ్లుగా అర్జీలు పెడుతున్నారు. అవి పైకి పోయే దారిలో ఎక్కడో ఆగిపోతున్నాయి. ఎవరి దుర్మార్గమూ కాదు. కోంట దూరం కాబట్టి కోంట కాగితానికి తొందర తక్కువ. అడ్మినిస్ట్రేటరుతో కలిసి నాలుగు గుంటల దూరం నడవగలిగితే చాలునని ఆమె అన్నారు. వచ్చే వానలలోపు గది లేవాలంటే ఈ చలికాలంలోనే మాట పడాలి.

నేను అప్పటిదాకా డ్రైవర్లను ఆటగాళ్ల కోసం ఎంచాను. ఒక నది పొంగే వేళను దృష్టిలో పెట్టుకుని ఎంచడం అదే మొదటిసారి. 

క్లబ్బులో ఉన్న డ్రైవర్లన్నీ తెచ్చి ఆస్పత్రి వెనక కోత అయిపోయిన పొలంలో ఆమె చేత కొట్టించాను. నాలా వెడల్పు కొలిచి, అంత మేర పొలంలో సున్నంతో రెండు గీతలు గీయించాను. ముఖానికి ఆముదంలో కలిపిన లాంతరు మసి పలచగా పూస్తే, బంతి ఎక్కడ తగిలిందో అక్కడ మచ్చ పడుతుంది. మంచి ఆటగాడి మచ్చలన్నీ ఒకేచోట గుంపుగా ఉంటాయి. డాక్టరమ్మ మచ్చలు ముఖమంతా చెదిరిపోయాయి, ఎక్కువగా కాడకు దూరంగా ఉన్న కొస వైపు. ఊపు మధ్యలో భుజం పట్టేయడంతో కర్ర చివరి క్షణంలో పక్కకు జరుగుతోంది. పైగా ఇంగ్లండు నుంచి వచ్చిన ఉక్కు కాడలు బిర్రుగా ఉన్నాయి. అవి బలంగా ఊపేవాళ్లకు పనికొస్తాయి. ఆమె ఊపుకు అవి వంగలేదు. ఒక్క బంతి కూడా రెండో గీత చేరలేదు.

కాడ సంగతి తేలిగ్గానే తేలింది. ఇక్కడ కావడి బద్దలకు ధామన్ కర్ర వాడతారు. ఎంత బరువు వేసినా వంగి మళ్లీ లేస్తుంది. దానితో మెత్తటి కాడ తీశాను. పొడవు కాస్త తగ్గించాను, ఎందుకంటే కాడ పొట్టిదైతే గురి నిలుస్తుంది. ముఖానికి వాలు పెంచాను, ఎందుకంటే వాలు ఉంటే బంతి తొందరగా పైకి లేస్తుంది.

తలే చిక్కు. ఇంగ్లీషు డ్రైవర్ల తలలు పర్సిమన్ అనే అమెరికా చెట్టు చెక్కతో చేస్తారు. అవి మా ఎండలకు బీటలు వారేవి. పగిలిన తల ఒకటి రంపంతో అడ్డంగా కోసి చూస్తుండగా, పక్కనే పొయ్యిలోకి పెట్టిన తునికి చెక్క కొస నా కంట పడింది. బీడీ ఆకు ఇచ్చే తునికే. రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. అవే సన్నటి రంధ్రాలు, అదే పోగు. తర్వాత అటవీ శాఖ వాళ్లను అడిగితే, ఆ రెండు చెట్లదీ ఒకే కుటుంబమని చెప్పారు. నేను ఆ రెండు ముక్కలను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒకటి సముద్రాలకు అవతల పుట్టి ఓడలో వచ్చింది, రెండోది మా గోడ అవతలే పుట్టింది. చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ములు ఒకే గుమ్మంలో ఎదురుపడ్డట్టు అనిపించింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఎన్నిసార్లు విన్నానో, దాని అర్థం నాకు ఆ రోజే తెలిసింది.

బాగా ఆరిన తునికి మొద్దు కోంట నుంచి వచ్చింది. డాక్టరమ్మ కబురు పెడితే పంపింది చంద్రయ్య సేఠు. కోంటలో తెలుగు వ్యాపారి, కిరాణా, లక్క, కలప అమ్మేవాడు. డాక్టరమ్మ కోంట వెళ్లినప్పుడల్లా వాళ్ల ఇంట్లోనే బస. అంతకుముందు వానాకాలంలో ఆయన కోడలు కాన్పులో పోయింది. వరదకు పడవ కదలక, రేవులోనే, డోలీలోనే. మొద్దుతోపాటు ఆయనే బండెక్కి వచ్చాడు. ఇంటి ద్వారబంధం కోసమని ఏళ్ల తరబడి అటక మీద ఆరబెట్టిన మొద్దు అది.

తునికి మొద్దు కోస్తే లోపల నల్లటి చేవ ఉంటుంది, చుట్టూ తెల్లచెక్క మందంగా ఉంటుంది. బస్తర్‌లో గాని మనవైపు గాని తునికి పట్టినవాడెవడైనా చేసే పని ఒక్కటే. తెల్లది చెక్కి పొయ్యిలో పడేస్తాడు, నల్లది దాచుకుంటాడు. చంద్రయ్య కూడా నల్లదే చూపించాడు.

"సాబు, గిది రాయి లెక్క ఉంటది. గీ చేవతోని చెయ్యి. డాక్టరమ్మ కొడితే ఇంద్రావతి నదే దాటాలె."

ఆయన ముఖం చూసి కాదనలేకపోయాను. నల్లచేవతో తల చేశాను. మెరుగు పెడితే అందులో నా ముఖం కనిపించింది. నా జీవితంలో అంత అందమైన వస్తువు నేను చేయలేదు. డాక్టరమ్మ మొదటిసారి కొట్టినప్పుడు బంతి సరిగ్గా నడుమ తగిలింది. గంట కొట్టినట్టు చప్పుడైంది. రెండో గీత దాటి, పొలం దాటి, ఆస్పత్రి కంచె దాటి పోయింది. విరిగిన భుజంతో అంత దూరమా అని నేను బిత్తరపోయాను. చంద్రయ్య కండువాతో కళ్లు ఒత్తుకుని, "ఇంకేంది సాబు, అయిపోయె" అన్నాడు.

నాకు మాత్రం తర్వాతి బంతుల మీద మనసు నిలిచింది. నడుమ తగలనివన్నీ గీతల మధ్యనే రాలిపోయాయి. కారణం తేలికే. నల్లచేవ బాగా బరువు. డ్రైవర్ తలకు ఒక బరువుండాలి, అంతకు మించితే ఊపలేరు. ఆ బరువులో ఇమడాలంటే నల్లతల చిన్నదిగా చేయాల్సిందే. తల చిన్నదైతే ముఖమూ చిన్నదే, తప్పుకు చోటుండదు. తెల్లచెక్క తేలిక. అదే బరువుకు తల పెద్దదిగా చేయవచ్చు, ముఖం విశాలంగా పరవవచ్చు, బరువును కొసకూ, కాడ దగ్గరి మడమకూ పంచవచ్చు. అలా పంచితే బంతి పక్కకు తగిలినా తల మెలి తిరగదు. ముఖాన్ని చదునుగా కాక కొద్దిగా ఉబ్బెత్తుగా గీస్తే, కొసన తగిలిన బంతి కుడికి బయలుదేరినా గాలిలో ఎడమకు మళ్లుతుంది. మద్రాసు మేస్త్రీ ఆ ఉబ్బును వేలితో తడిమి చూసి సరిచేసేవాడు.

పొయ్యి కోసం పక్కన పేర్చిన తెల్లముక్కల్లోంచి మందమైనది ఏరుకుని రెండో తల చేశాను. పాలిపోయిన రంగు, పెద్ద తల, చూడ్డానికి గుమ్మడికాయలా ఉంది. చంద్రయ్య దాన్ని చూసి బాధపడ్డాడు, కోపం కూడా వచ్చింది.

"ఏంది సాబు ఇది? పొయ్యిల పెట్టే కట్టెతోని డాక్టరమ్మను నలుగురిల నిలవెడ్తవా? చేవ ఇచ్చిన కద నీకు."

ఆయన బాధ నాకు అర్థమైంది. ద్వారబంధం కోసం దాచిన చేవను ఆయన ఇచ్చింది కోడలి పేరున.  నిర్ణయం డాక్టరమ్మకు వదిలేశాను. ఆమె రెండు డ్రైవర్లూ అటూ ఇటూ తిప్పి చూసి, నెమ్మదిగా అన్నారు.

"నేను బాగా కొడితే ఏమవుతుందో చూశానండి. ఇప్పుడు బాగా కొట్టలేనప్పుడు చూద్దాం. నేను అలసిపోయేదాకా కొడతాను."

అలాగే కొట్టారు. ఎండ ఎక్కేదాకా, భుజం నొప్పితో పళ్లు బిగించేదాకా కొట్టారు. ఒకటి నల్లదానితో, ఒకటి తెల్లదానితో. మొదట్లో నల్లదే గెలిచింది. చెయ్యి అలిసేకొద్దీ నల్లదాని బంతులు గీతల మధ్య రాలడం మొదలైంది. తెల్లదాని బంతులు అందంగా పోలేదు. వంకర పోయాయి, బొటాబొటిగా పోయాయి, కాని చాలావరకు అవతలి గీత దాటి పడ్డాయి. ఆమె కర్ర కింద పెట్టి చంద్రయ్య వైపు తిరిగారు. "బాబాయ్, పరీక్ష రోజు నా చెయ్యి వణుకుతుంది. అందుకని నాకు ఇదే కావాలి" అన్నారు. ఆయన నల్లతలను కండువాలో చుట్టుకున్నాడు.  ఆ తర్వాత తెల్లదాన్ని చేత్తో నిమిరి, "సరే తల్లీ, ఇది నడుస్తది" అన్నాడు.

పరీక్ష పొద్దున్నే పెట్టారు. సభ్యులందరూ వచ్చారు. దొరసానులు గొడుగుల కింద కూర్చున్నారు. చంద్రయ్యకు లోపలికి ప్రవేశం లేదు, కంచె బయట బండి మీద నిలబడ్డాడు. నేను కర్రల సంచి పట్టుకుని డాక్టరమ్మ వెనక నిలబడ్డాను. బంతి నిలపడానికి చిటికెడు తడి ఇసుక కుప్పగా పెట్టాను. ముఖానికి మసి కూడా పూశాను, అలవాటు కొద్దీ.

మొదటి బంతిని ఆమె పైన తగిలించారు. అది నేలబారుగా దొర్లి, నాలా అంచు మీదుగా రాళ్లలో పడింది. ఎవరూ నవ్వలేదు. ఆమె చెయ్యి వణకడం నాకు స్పష్టంగా కనిపించింది.

రెండోదానికి ఆమె ఆలస్యం చేయలేదు. ఊపు సగంలో భుజం పట్టేసింది. కర్ర పక్కకు జరిగింది. చప్పుడు మొద్దుగా వచ్చింది, అది కొసన తగిలిన చప్పుడు. బంతి లేచింది గాని నేరుగా కుడివైపు సాల చెట్ల మీదికి పోతోంది. అక్కడ నాలా ఇంకా వెడల్పు.  అప్పుడు ఆ బంతి గాలిలో ఎడమకు మళ్లడం మొదలుపెట్టింది. ఎందుకు మళ్లుతుందో నాకు తెలుసు. ఆ ఉబ్బు గీసింది నేనే, ఆ లెక్క నేర్చుకున్నదీ నేనే. అయినా చెట్ల అంచు నుంచి అది వంపు తిరిగి నాలా నడుమ మీదికి వస్తుంటే, జీవితంలో మొదటిసారి చూస్తున్నవాడిలా ఒళ్లు గగుర్పొడిచింది. అవతలి గట్టు అంచున పడి, ఒక్కసారి ఎగిరి, గడ్డిలో ఆగింది.  కంచె బయట చంద్రయ్య బండి మీదే కూలబడి రెండు చేతులూ జోడించాడు.

కర్ర ముఖం తిప్పి చూశాను. మచ్చ కొసకు ఆనుకుని ఉంది. నల్లతల అయితే అక్కడ చెక్కే లేదు.

అడ్మినిస్ట్రేటరు వచ్చి ఆమెకు చెయ్యి కలిపి, తనతో ఆడమని పిలిచారు. సంచితో నేను వెనక నడిచాను కనుక వాళ్ల ఇంగ్లీషు మాటలు నాకు వినిపించాయి. ఆమె ఆట గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. నాలా వంతెన దాటగానే కోంట అన్నారు. దొర తలవంచుకుని విన్నారు. కోంట ఆస్పత్రికి వచ్చినవాళ్లు తక్కువే కదా, కాగితాల్లో అలాగే ఉంది అన్నారు. వచ్చినవాళ్లను మేం రాస్తామండి, దారిలో ఆగిపోయినవాళ్లను ఎవరు రాస్తారు అని ఆమె అడిగారు. ఆయన నడక ఆపి అలాగే నిలబడ్డారు. ఆ పైన గోడలు ఇటుకవా మట్టివా, నర్సు ఎక్కడి నుంచి వస్తుంది, ఊళ్లలోని మంత్రసానులు కలిసొస్తారా అని వరసగా ప్రశ్నలు వేశారు. నాలుగో బ్రౌన్ దగ్గర బంతిని గుంటలోకి తోసి, మంజూరు చేస్తున్నాను అన్నారు. ఆమె కృతజ్ఞతలు చెప్పి, ఆపరేషను ఉందని ఆట అక్కడే వదిలేసి ఆస్పత్రికి వెళ్లిపోయారు. సభ్యురాలిగా ఉన్న అన్నేళ్లలోనూ, అడగాల్సిన పని ఉన్న రోజునే ఆమె మైదానానికి వచ్చేవారు.

గదులు ఎండాకాలంలో లేచాయి. తలుపులు, కిటికీలు మా వర్క్‌షాప్‌వే. బిగించడానికి నన్నే పంపారు. పని ముగిసేసరికి తొలి వానలు దిగాయి, శబరి పొంగింది, పడవలు రేవులో కట్టేశారు. ఆ వానలోనే గొల్లపల్లి నుంచి ఒక డోలీ వచ్చింది. మోసుకొచ్చినవాళ్లు దాన్ని అలవాటుగా రేవు వైపు తిప్పబోతే, చంద్రయ్య కొట్లోంచి వానలోకి పరిగెత్తి డోలీ బొంగు పట్టుకుని గది వైపు తిప్పాడు. నేను కిటికీ రెక్కకు మర చుడుతున్నాను. చీకటి పడకముందే లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తల్లి కూడా బతికింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా గోల్ఫు కర్రలేమిటి, ఉలులేమిటి, వంతెన దూలాలేమిటి, ఎన్నో ఎంచాను. ఎంచేటప్పుడు ఒకటే పద్ధతి పాటించాను. పనిముట్టును దాని మంచి దెబ్బ చూసి తీసుకోకూడదు. చెయ్యి తప్పిన రోజున అది ఎంత దూరం చేరుస్తుందో చూసి తీసుకోవాలి.